నీళ్ళు తాగే క్లచ్చు

మా అవ్వ తిరుమలమ్మకు పరాయివాళ్ళ కార్లలోకి తల దూర్చే అలవాటుంది. ఎంత చెప్పినా మానదు. పోయిన నెల కాణిపాకంలో, గుడికి కాస్త దూరంగా బండ్లు నిలిపే చోట, బెంగళూరు నుంచి వచ్చిన కొత్త కారు ఒకటి ఆమె కంటపడింది. డ్రైవరు సీట్లో ఒక అబ్బాయి కూర్చుని, దర్శనానికి పోయిన తనవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు. కిటికీ అద్దం దించి ఉంది. అవ్వకు అంతే చాలు. నడుం వంచి, తల లోపల పెట్టి, ఆ అబ్బాయి కాళ్ళ దగ్గర పరికించి చూసింది.

“ఏం నాయనా, తొక్కేవి రెండే ఉండాయే. మూడోది యాడ?”

ఆ అబ్బాయి మంచివాడు. ఈ బండికి క్లచ్చు తొక్కే పని లేదని, గేర్లు అదే మార్చుకుంటుందని, ఎడమకాలు ఊరికే పక్కన పెట్టుకోవచ్చని ఓపికగా చెప్పాడు. ఇదంతా తనకెప్పుడో తెలుసన్నట్టు అవ్వ తల ఊపింది.

“అది సరే. నీళ్ళు యాడ పోస్తారు?”

“ముందు పక్క, రేడియేటర్లో అవ్వా.”

“దానికి కాదబ్బా. క్లచ్చుకి.”

ఆ అబ్బాయి నా ముఖం చూశాడు. ఈ ముసలామెకు మతి సరిగ్గానే ఉందా అని అడుగుతున్న చూపు అది. నేను అవ్వను రెక్క పట్టుకుని మా బండి వైపు లాక్కొచ్చాను. ఆమెను తప్పుపట్టలేను. మా ఇంటి అంబాసిడర్ క్లచ్చు ఏళ్ళ తరబడి రోజూ నీళ్ళు తాగుతోంది. అది తాగబట్టే మా తాత మనిషయ్యాడు. ప్రపంచంలో క్లచ్చులన్నీ తాగుతాయనే అవ్వ నమ్మకం.

మాది చిత్తూరులో కట్టమంచి. అమ్మా నాయనా రాణిపేటలో తోళ్ళ ఫ్యాక్టరీ పనికి పోయి అక్కడే ఉండేవాళ్ళు కాబట్టి నేను అవ్వ దగ్గరే పెరిగాను. మా ఇంటి ముందు భాగమే అవ్వ తమ్ముడు వెంకటముని మోటారు వైండింగ్ షాపు. వరసకు ఆయన కూడా నాకు తాతే. కానీ ఒకే కథలో ఇద్దరు తాతలుంటే చదివేవాళ్ళకు ఇబ్బంది కనుక ఆయన్ని పేరుతోనే రాస్తున్నాను. కోపమొస్తే రానీ.

మా పక్క బోరుబావులు ఎలాంటివో తెలిసినవాళ్ళకు వైండింగ్ షాపు గురించి చెప్పనక్కర్లేదు. ఏటికేడు నీళ్ళు లోతుకు దిగాయి, వాటి వెంట మోటార్లూ దిగాయి. కరెంటు మాత్రం ఎప్పుడూ నీరసంగానే వచ్చింది. ఎండాకాలం మొదలైతే చుట్టుపక్కల పల్లెల నుంచి కాలిపోయిన మోటార్లు ఎడ్లబండి మీద, సైకిలు మీద, చివరికి భుజం మీద మా షాపుకు వచ్చేవి. వెంకటముని వాటిని విప్పి, మాడిన తీగను పీకి పారేసేవాడు. కొత్త తీగ చుట్టే పని అవ్వది. చెక్క అచ్చు మీద లెక్క తప్పకుండా చుట్టి, ఆ చుట్టను మోటారు లోపలి ఇరుకు గాడుల్లో వేళ్ళతో కూరాలి. తమ్ముడి వేళ్ళు లావు, ఆమె వేళ్ళు సన్నం. పెళ్ళికి ముందు పుట్టింట్లో సాయంగా మొదలుపెట్టిన పని, పెళ్ళయ్యాక కూడా వదల్లేదు.

అవ్వ అణకువ మనిషని ఎవరైనా అనుకుంటే నాకు నవ్వొస్తుంది. చిత్తూరు నుంచి పలమనేరు దాకా పైరు పచ్చగా కనిపిస్తే అది తన వేళ్ళ వల్లే అని చెప్పుకునేది. బస్సులో పోతూ కిటికీలోంచి టమోటా తోట చూసి, “ఆ నీళ్ళు నావే” అని పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచేది. పాపం, ఆ పక్క మనిషికి టిక్కెట్టు మీద తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు.

తాత గోవిందయ్యకు ఈ తీగల గొడవ పట్టదు. ఆయన లోకమంతా ఆ తెల్ల అంబాసిడరే. కట్టమంచి స్టాండులో నిలిపి, కాణిపాకానికి భక్తులను తీసుకుపోయి తీసుకొచ్చేవాడు. పొద్దున్నే బండి తుడిచేటప్పుడు దాంతో మాట్లాడేవాడు. అవ్వతో కంటే దాంతోనే మెత్తగా మాట్లాడేవాడని అవ్వ ఫిర్యాదు.

తొంభై ఏడులో సుగర్ పుండు ఆయన ఎడమ పాదాన్ని తినేసింది. రాయవేలూరు ఆస్పత్రిలో మడమ పై దాకా తీసేశారు. ప్రాణం దక్కింది, అందుకు ఆ డాక్టర్లకు మేము ఇప్పటికీ దండం పెడతాం. రబ్బరు పాదం కట్టుకుని ఇంట్లో నడవగలిగాడు, బజారుకు పోగలిగాడు. డీజిల్ అంబాసిడర్ క్లచ్చు మాత్రం తొక్కలేకపోయాడు. అది మొండి క్లచ్చు, రెండు కాళ్ళున్నవాళ్ళకే పిక్కలు పట్టేస్తాయి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: క్లచ్చు తొక్కితే ఇంజను పట్టు చక్రాల నుంచి విడిపోతుంది, అప్పుడే గేరు మారుతుంది. మెల్లగా వదిలితే మెల్లగా పట్టుకుంటుంది. చటుక్కున వదిలితే బండి మేకపిల్లలా ఎగురుతుంది. ఆ మెల్లగా వదలడంలోనే డ్రైవరు పనితనమంతా ఉంది. రబ్బరు పాదానికి ఆ మెల్లన తెలియదు.

ఆ తరవాత తాత రోజూ పొద్దున బండి తుడిచి, డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చేతులు పెట్టి, టిఫిను వేళకు దిగి వచ్చేవాడు. బండి కదిలేది కాదు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అవ్వ తిట్టినా ఎదురు తిట్టడం మానేశాడు, ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది అప్పుడే.

స్టాండులో ఇంకో డ్రైవరు కుప్పుస్వామి ఉండేవాడు. గుడియాత్తం పక్క మనిషి, సగం తమిళం సగం తెలుగు. బండి అలా తుప్పు పట్టడం చూడలేక, తనకు ఇచ్చెయ్యమని, సొంత బిడ్డలా చూసుకుంటానని అడిగాడు. వినాయక చవితికి కాణిపాకంలో ఉత్సవాలు మొదలవుతాయి, స్టాండు వాళ్ళకు ఏడాదిలో అదే పెద్ద పని. చవితి పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు. తాత చవితి దాకా చూద్దామన్నాడు. ఆ బండి గడప దాటితే ఈ మనిషి మళ్ళీ లేవడని అవ్వకు తెలుసు. ఆమె ఆ మాట బయటికి అనలేదు గానీ, ఆ వారమంతా తీగ లెక్క తప్పి, చుట్టిన చుట్టలు విప్పి మళ్ళీ చుట్టింది.

దారి చూపించినవాడు రాజారత్నం. మా వీధిలోనే అద్దెకుండేవాడు, పాకాల నుంచి డీజిల్ రైలింజను తోలేవాడు. ఒక రోజు ఇంట్లో ఫ్యాను మోటారు కాలితే షాపుకు తెచ్చి, అవ్వ పక్కన కూర్చుని పిచ్చాపాటి మాట్లాడుతూ అన్నాడు:

“మా ఇంజనుకి గేర్లే లేవు పెద్దమ్మా. డీజిలు మండి కరెంటు పుట్టిస్తాది. ఆ కరెంటు పోయి చక్రాల కాడుండే మోటార్లను తిప్పుతాది. నేను తొక్కేదేమీ లేదు. చేత్తో పిడి తిప్పేదే.”

అవ్వ చేతిలో తీగ ఆగిపోయింది. అన్ని బోగీలను లాగే బండికే క్లచ్చు అక్కర్లేనప్పుడు, నలుగురిని మోసే బండికి ఎందుకని ఆమె ప్రశ్న. రాజారత్నం గడప దాటకముందే తమ్ముణ్ణి పిలిచి, మీ బావ బండికి కూడా అలాగే చెయ్యమంది. వెంకటముని ముందు నవ్వాడు. అక్క ముఖం చూసి నవ్వు ఆపి, బొగ్గు ముక్కతో షాపు గచ్చు మీద అంబాసిడర్ బొమ్మ గీశాడు. కరెంటు పుట్టించే డైనమోకు డిక్కీ అంతా నిండిపోయింది. చక్రాలు తిప్పే మోటారుకు వెనక సీటు పోయింది. మిగతా సామానుకు ముందు సీటు కూడా పోయింది.

“బండైతే కదుల్తాదిలే అక్కా,” అన్నాడు. “మోటార్లను కాణిపాకం తీసకపోయి దర్శనం చేయించి తీసకరావచ్చు. మనుషులకే చోటు లేదు.”

అవ్వ ఆ బొమ్మను కాలితో చెరిపేసి, అయితే గేర్లుండనీ, ఎడమకాలు చేసే పని ఒక్కటీ కరెంటుకు అప్పగిద్దామంది. అది వెంకటమునికి నచ్చింది. రాగి తీగను బోలుగా, గొట్టంలా చుట్టి కరెంటు ఇస్తే, అది అయస్కాంతమై, పక్కనున్న ఇనుప కడ్డీని లోపలికి లాక్కుంటుంది. ఆ కడ్డీకి గొలుసు కట్టి, ఇంకో కొస క్లచ్చుకు తగిలిస్తే, కాలు తొక్కినట్టే. అంబాసిడర్‌కు గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. దాని కొసన ఒక బటను పెట్టారు. నొక్కితే ఇనుప కడ్డీ చుట్టలోకి పోయి క్లచ్చు విడిపోతుంది. బటను వదిలితే వెనక్కి వచ్చి పట్టుకుంటుంది.

తాత ఇదంతా అరుగు మీద కూర్చుని చూశాడు. చాలా రోజుల తరవాత ఆయన నోరు తెరిచింది దీన్ని వెక్కిరించడానికే.

“నా పెండ్లాం నాకు కాలు చుట్టిస్తాదంట. ఇంకా నయం, తల చుట్టిస్తానన్లేదు.”

“నీ కాలు కన్నా నా చుట్టే నయం,” అంది అవ్వ. “అది మాట వింటాది.”

ఆయన వెక్కిరించినందుకు ఆ పూట ఆమె పాయసం చేసింది. సుగర్ మనిషికి పెట్టకుండా మేమే తిన్నాం, అది వేరే సంగతి.

చవితి ఇంకో వారముందనగా మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలంలో పరీక్ష పెట్టారు. తాత సీట్లో కూర్చుని, బటను నొక్కి, గేరు వేసి, బటను వదిలాడు. బండి ఎగిరింది. ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ ఎగిరింది. కరెంటుకు ఉందో లేదో రెండే తెలుసు, మెల్లగా వదలడం దానికి రాదు. తాత తల పైన రేకుకు తగిలింది. అలా కొన్నిసార్లు జరిగాక బండి కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. తరవాత పొగ వచ్చింది. వెంకటముని పరిగెత్తి బ్యాటరీ తీగ లాగేశాడు.

తాత తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. భుజం మీది తువ్వాలు తీసి స్టీరింగును ఒకసారి తుడిచి, కిందికి దిగి, కర్ర ఊతంతో నడుచుకుంటూ స్టాండుకు పోయాడు. చవితి పొద్దున వచ్చి బండి తీసుకొమ్మని కుప్పుస్వామికి మాట ఇచ్చి వచ్చాడు.

అవ్వ ఆ రోజు అన్నం తినలేదు. మాడిన చుట్టను ఒళ్ళో పెట్టుకుని విప్పింది. మర్నాడు పొద్దున లేచి కొత్తది చుట్టడం మొదలుపెట్టింది. బావ మాట ఇచ్చేశాడు, ఇంకెందుకక్కా అని తమ్ముడు అడిగితే, చేతులు ఊరుకోవడం లేదంది.

ఇక్కడ మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. షాపు ముందు పెద్ద సిమెంటు తొట్టి ఉండేది. బాగు చేసిన ఏ మోటారునైనా దాంట్లో ముంచి, కరెంటు ఇచ్చి చూసిన తరవాతే రైతు చేతికి ఇచ్చేవాళ్ళు. బోరులో నీళ్ళ మధ్య బతకాల్సింది కనుక నీళ్ళలోనే పరీక్ష. తొట్టి చూడని సరుకు మా గడప దాటదు. అవ్వ కొత్త చుట్టను, కడ్డీని, దాన్ని వెనక్కి లాగే స్ప్రింగును కలిపి బిగించి, ఏ ఆలోచనా లేకుండా, చేతి అలవాటు కొద్దీ తీసుకుపోయి తొట్టిలో ముంచింది.

“అది కారుది అక్కా,” అన్నాడు వెంకటముని.

“ఏదైతేనేమి. తొట్టి సూడందే పంపేది లేదు.”

కరెంటు ఇచ్చారు. కడ్డీ లోపలికి పోయింది. కరెంటు తీశారు. యార్డులో ఇదే కడ్డీ టక్కున వెనక్కి తన్నింది. ఇప్పుడు నీళ్ళలో, గర్భిణి మెట్లు దిగినట్టు, నెమ్మదిగా, ఆచితూచి వచ్చింది. వెంకటముని మళ్ళీ ఇచ్చి తీశాడు. మళ్ళీ అంతే నెమ్మది. ఇద్దరూ తొట్టి మీదికి వంగి పదే పదే అదే పని చేశారు. షాపుకు వచ్చిన రైతు ఒకాయన తన మోటారు సంగతి అడగడానికి వచ్చి, వీళ్ళ వరస చూసి, తనూ వంగి చూశాడు. అవ్వ చెయ్యి నీళ్ళలో పెట్టి చుట్టను తడిమింది. చల్లగా ఉంది.

“మునీ,” అంది, “నీళ్ళు దాన్ని పట్టుకుంటా ఉండాయి సూడు. కాలు వదిలినట్టే వదుల్తా ఉండాయి.”

అప్పుడు ఇద్దరికీ తమ తప్పు అర్థమైంది. వేరే షాపువాడైతే కారుకు కావలసిన మామూలు వార్నిష్ పూత తీగ వాడేవాడు. మా ఇంట్లో చేతికి తెలిసిన తీగ ఒక్కటే, ప్లాస్టిక్ తొడుగున్న బోరు మోటారు తీగ. అది నీళ్ళలో మునిగి, ఆ నీళ్ళతోనే చల్లబడి పనిచేస్తుంది. జీవితమంతా దాన్ని నీళ్ళలోకే పంపినవాళ్ళు, కారు కింద ఇంజను వేడిలో ఎండగట్టారు. తప్పు దిద్దడానికి వీళ్ళు తీగ మార్చలేదు. నీళ్ళే తెచ్చి దానికి ఇచ్చారు.

బోరుకు దించే ఇనుప గొట్టం ముక్క ఒకటి కోసి, అడుగు మూసి, చుట్టను అందులో బిగించి, నీళ్ళు నింపి, తాత ఎడమకాలు ఉండాల్సిన చోట నేల రేకు కింద అమర్చారు. కడ్డీ లోపలికి పోయేటప్పుడు కూడా నీళ్ళు అడ్డుతున్నాయని, కిరసనాయిలు స్టవ్వు పంపులో ఉండేలాంటి తోలు వాషరు ఒకటి దానికి తొడిగారు. ఆ వాషరు ఒక వైపు నీళ్ళను వదులుతుంది, రెండో వైపు ఆపుతుంది. దాంతో తొక్కడం చురుగ్గా, వదలడం నింపాదిగా కుదిరింది. రాణిపేట నుంచి అమ్మ తెచ్చిన తోలు ముక్కతో చేసిన వాషరు అది. నీళ్ళు పోయడానికి సన్న గొట్టం ఒకటి పైకి తీశారు. దాని మూతి డ్రైవరు పక్క సీటు దగ్గర తేలింది. అంటే పోసే మనిషి ఆ సీట్లో కూర్చోవాలి. అది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తాతకు ఇది చెబితే, ఇచ్చిన మాట ఇచ్చిందే అన్నాడు. బండి వైపు రాను కూడా రాలేదు.

చవితి పొద్దున కుప్పుస్వామి కొత్త పంచె కట్టుకుని, బండికి కట్టడానికి మామిడాకుల తోరణం పట్టుకుని వచ్చాడు. మా స్టాండు డ్రైవర్లు తమలో తాము పెట్టుకున్న కట్టు ఒకటుంది. వాళ్ళలో ఒకరు ఇంకొకరికి బండి ఇస్తే, ఇచ్చేవాడే దాన్ని కాణిపాకం దాకా తోలుకుపోవాలి. వినాయకుడి ముందు, ఈ బండిలో దాచిన లోపమేదీ లేదని ప్రమాణం చేసి తాళం చేతిలో పెట్టాలి. కుప్పుస్వామి, గోవిందయ్యన్నకు ఆ కష్టం వద్దని, ఈసారికి తనే తోలుతానని మర్యాదగానే అన్నాడు. అవ్వ అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర నీళ్ళ చెంబు.

“ఇచ్చేవాడే తోలల్ల కదప్పా, మీ కట్టు. మా ఆయన కాడికి వచ్చేసరికి కట్టు తప్పిస్తారా?”

కుప్పుస్వామి తాత వైపు చూశాడు. తాత అవ్వ వైపు చూశాడు. ఆమె గొట్టం మూత తీసి, చెంబుతో నీళ్ళు పోసి, మూత పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆయన వచ్చి కూర్చున్నాడు. నేనూ కుప్పుస్వామీ వెనక ఎక్కాం.

తాత ఇంజను వేసి, బటను నొక్కి, గేరు వేసి, కళ్ళు సగం మూసుకుని బటను వదిలాడు. తల రేకుకు తగులుతుందని మెడ కూడా కుదించుకున్నాడు. ఏమీ తగల్లేదు. బండి కదిలిందని, గోడ వెనక్కి పోవడం చూసి తెలుసుకున్నాం. నిండు బిందె చుక్క ఒలకకుండా చంకనెత్తుకున్నట్టు కదిలింది. వీధి చివర తాత రెండో గేరు వేశాడు. కట్టమంచి దాటాక, ఏ అవసరమూ లేకుండా గేరు తగ్గించి మళ్ళీ పెంచాడు. కాసేపటికి మళ్ళీ అదే పని చేశాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లవాడి వరస. నేను వెనక నుంచి నవ్వితే అద్దంలో గుడ్లురిమాడు. ఆ గుడ్లురమడం చూసి ఎన్ని నెలలైందో.

కాణిపాకం దగ్గర పడేకొద్దీ జనం రోడ్డంతా నిండిపోయారు. రెండడుగులు వేసి ఆగడం, మళ్ళీ రెండడుగులు. అడుగడుగుకూ క్లచ్చు. తాత నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. అవ్వ పోస్తూనే ఉంది. వాషరు పక్క నుంచి నీళ్ళు కారిపోతున్నాయని ఆమెకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. చెంబు అయిపోయింది. ఇంటి నుంచి తెచ్చిన బిందె కూడా అయిపోయింది. గరిక, జిల్లేడు పూలు బుట్టలో పెట్టుకుని అమ్మే ఆడమనిషి ముందు నడుస్తోంది. బటను వదలగానే బండి ఎగిరి, ఆమె బుట్టకు జానెడు దూరంలో ఆగింది. ఆమె తిరిగి మమ్మల్నందర్నీ, మా వంశాన్నీ కలిపి తిట్టింది. వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. తాత స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

“దిగన్నా,” అన్నాడు కుప్పుస్వామి. “జనం మధ్యన ఇది వేణాం, వద్దు. నేను తోల్తా. నీ మర్యాదకేం కాదు.”

తాత తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అవ్వ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆమె చూపు రోడ్డు పక్కన ఉంది. అక్కడ పందిరి వేసి, పెద్ద అండాల్లో భక్తులకు మజ్జిగ పోస్తున్నారు. ఆమె ఖాళీ చెంబు వెనక్కి చాచింది.

“కుప్పుస్వామీ, దిగాల్సింది నువ్వు. పోయి ఆ మజ్జిగ పట్టకరా.”

“ఇప్పుడు దాహమా అక్కా?”

“నాక్కాదు. దానికి.”

ఆ క్షణంలో అతను కాదని ఉంటే ఈ కథ వేరేగా ముగిసేది. బండి తనదవబోతోంది, ఒక్క మాట అంటే చాలు. అతను అవ్వ ముఖం చూశాడు, తాత చేతులు చూశాడు. పంచె ఎగ్గట్టి, దిగి, జనంలోంచి దారి చేసుకుపోయి, ఆ చెంబే కాక, పందిరి వాళ్ళను బతిమాలి ఒక చిన్న బిందె నిండా మజ్జిగ మోసుకొచ్చాడు. కొత్త పంచె మీద సగం ఒలికింది. అవ్వ కొంగు అడ్డం పెట్టి, కరివేపాకు, మిరపకాయ ముక్కలు వడగట్టి, గొట్టంలో పోసింది. తాత బటను నొక్కాడు. వదిలాడు. బండి నింపాదిగా కదిలింది. నీళ్ళ కంటే మజ్జిగకే ఇంకా మెత్తగా కదిలిందని అవ్వ ఇప్పటికీ వాదిస్తుంది.

బండ్లు నిలిపే చోట ఆపాక తాత చాలాసేపు దిగలేదు. ఎవరమూ తొందరపెట్టలేదు.

సన్నిధిలో అంత జనంలో నిలబడేందుకు చోటు దొరకడమే గొప్ప. తాత కర్ర నా చేతికిచ్చి, రబ్బరు పాదం మీద నిలబడి, తాళాన్ని అరచేతిలో పెట్టుకుని ప్రమాణానికి నోరు తెరిచాడు. ఈ బండిలో దాచిన లోపమేదీ లేదని చెప్పాలి. కుప్పుస్వామి ఆయన వేళ్ళను తాళం మీద మూసేశాడు.

“ఆగన్నా. లోపం లేదని సామి ముందర ఎట్ల చెప్తావు? అక్క పక్కన లేకుంటే ఈ బండి రెండడుగులు పోదు. బండితో పాటు అక్కను కూడా నా ఇంటికి పంపుతావా? నా పెండ్లాం చీపురు ఎత్తుతుంది.”

తాత ఏదో అనబోయాడు. ఇచ్చిన మాట అనబోయి ఉంటాడు. కుప్పుస్వామి తల అడ్డంగా ఊపి, మాట ఇచ్చింది తనకు కాబట్టి వదిలేసే హక్కూ తనదేనన్నాడు. ఆ మనిషి ఆ తరవాత రెండేళ్ళకు గానీ సొంత బండి కొనుక్కోలేకపోయాడు. ప్రతి చవితికీ మా ఇంట్లో మొదటి కుడుము ఆయనకే పోతుంది. అవ్వ స్వయంగా పట్టుకుపోయి ఇస్తుంది. ఆ కుడుములు గట్టిగా ఉంటాయని ఆయన, పళ్ళు లేనివాడికి అన్నీ గట్టివేనని ఆమె.

తాళం జేబులో వేసుకున్నాక కూడా తాత అక్కడి నుంచి కదల్లేదు. ప్రమాణం చెయ్యడానికి వచ్చి ఊరికే పోకూడదనుకున్నాడో ఏమో, చేతులు జోడించి, పక్కవాళ్ళకు వినిపించేంత గట్టిగా అన్నాడు:

“సామీ, ఈ బండిలో ఎడమకాలు నాది కాదు. మా తిరుమలది. ఇందులో నేను దాచేదేమీ లేదు.”

ఆయన ఆమె పేరు పలకడం నేను వినడం అదే మొదలు. అవ్వ నోట మాట రాకపోవడం కూడా అదే మొదలు. రెండూ ఒకే రోజు చూశాను కాబట్టి నా జన్మ ధన్యమే. కాసేపటికి ఆమె తేరుకుని, మజ్జిగ పులిసి కంపు కొట్టకముందే గొట్టం కడగాలని, రమ్మని ముందు నడిచింది.

ఆ తరవాత తాత పెద్ద బాడుగలకు పోలేదు. తెలిసినవాళ్ళను, ఇరుగుపొరుగును తిప్పేవాడు. ఆ బండి రాణిపేట పోయి మా అమ్మను కాన్పుకు తీసుకొచ్చింది. రాజారత్నం కూతురు పెళ్ళిలో పెళ్ళికొడుకును మోసింది. నన్ను పదో తరగతి పరీక్షలకు రెండేళ్ళు వరసగా తీసుకుపోయింది. రెండేళ్ళూ తప్పింది నేనే, బండి ఒక్క రోజూ ఆలస్యం చెయ్యలేదు. అన్ని ప్రయాణాల్లోనూ ముందు సీటు అవ్వది. అంతకుముందు ఎప్పుడో బస్సు కిటికీలోంచి చూసి ఊరందరి నీళ్ళూ నావేనని చెప్పుకున్న మనిషి, ఇప్పుడు రోజూ పోయి ఆ పొలాలను కళ్ళారా చూసి వస్తోంది. రోజూ పొద్దున తాత కాఫీ తాగకముందే గొట్టంలో పాత నీళ్ళు తీసి కొత్తవి పోస్తాడు. పాత నీళ్ళు తుప్పుతో రాగి జావలా ఉంటాయి. వాటిని పారబొయ్యకుండా గుమ్మం పక్క మల్లెచెట్టుకు పోస్తాడు. ఆ చెట్టు బాగానే పూస్తుంది. నేను షాపులో చేరాక ఆ చుట్టను రెండుసార్లు మార్చాను, అదే బోరు తీగతో.

పోయిన నెల కాణిపాకంలో అవ్వను లాక్కొచ్చేసరికి తాత సీట్లో కూర్చుని హారన్ కొడుతున్నాడు. ఆమె ఎక్కి, చెంబు తీసి, గొట్టంలో పోస్తూ, బెంగళూరు బండి సంగతి చెప్పింది. దానికి క్లచ్చు తొక్కనక్కర్లేదట, నీళ్ళూ అక్కర్లేదట, పక్కన మనిషి లేకున్నా అదే పోతుందట. తాత ఇంజను వేశాడు, బటను మీద బొటనవేలు పెట్టి, ఒకసారి వెనక్కి తిరిగి ఆ కొత్త బండి వైపు చూశాడు.

“పాపం,” అన్నాడు. “మరి ఆ బిడ్డ పక్కన ఎవురు కూర్చుంటారు?”